వ్యాపార భాగస్వామ్య ఇంగ్లీషుకు ఆంకీ: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

అగ్రిమెంట్, షేర్, ప్రాఫిట్, పార్ట్‌నర్: ఈ నాలుగు మాటలు రానివాళ్లు అరుదు. అయినా వాటాల సంగతి ఇంగ్లీషులో తేల్చుకోవాల్సి వచ్చేసరికి నోరు తడబడుతుంది. అగ్రిమెంట్‌కు ముందు ఏ క్రియ పెట్టాలి? స్టేక్ పక్కన 'ఇన్' రావాలా, 'ఆఫ్' రావాలా? పార్ట్‌నర్‌ను 'బై అవుట్' చేయడమంటే ఆయన దగ్గర ఏం కొన్నట్టు? బండి ఆగేది ఇలాంటి చోట్లే. ఈ లోటు పూడ్చుకోవడానికి ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల ప్రోగ్రాము పనికొస్తుందా అంటే, పనికొస్తుంది. అయితే దించుకుని ఉన్నదున్నట్టు వాడితే రెండు నెలలకు మిగిలేది ఒంటరి పదాల మూటే. కార్డు రాసే తీరు, నాలుగైదు సెట్టింగులు మార్చుకుంటే మాత్రం దీనికి ఐదుకు నాలుగు ధైర్యంగా వేయొచ్చు.

ముందు వస్తువు గురించి రెండు ముక్కలు. ఆంకీని డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేశాడు. జపనీస్‌లో ఆ మాటకు కంఠస్థం చేయడం అని అర్థం. విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లలో ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆంకీడ్రాయిడ్ అని వేరే స్వచ్ఛంద బృందం చేసింది ఉంది, అదీ ఉచితమే. ఐఫోన్‌లో వాడే ఆంకీమొబైల్‌కు మాత్రం డబ్బు కట్టాలి. వద్దనుకుంటే ఆంకీ సొంత వెబ్‌సైటు ఆంకీవెబ్‌ను బ్రౌజర్‌లో తెరిచి కార్డులు తిప్పుకోవచ్చు, కాకపోతే నెట్ ఉండాలి. యాప్ స్టోర్లలో పేరులో ఎక్కడో ఒకచోట ఆంకీ తగిలించుకున్న వేరే యాప్‌లు కూడా తిరుగుతుంటాయి. వాటికీ దీనికీ సంబంధం లేదు, వాటిలో చేసిన కార్డులు ఆంకీవెబ్‌లోకి రావు.

పనిచేసే తీరు తేలిక. కార్డు ముందువైపు కనిపిస్తుంది, జవాబు మనసులో అనుకుని వెనక్కి తిప్పి, ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కుతాం. గుర్తున్న కార్డు ప్రతిసారీ ఇంకాస్త దూరంగా జరుగుతుంది: రేపు, తర్వాత నాలుగైదు రోజులకు, ఆ తర్వాత రెండు వారాలకు. మరిచిపోయిన కార్డు వెంటనే వెనక్కొస్తుంది. ఈ లెక్కకు చాలాకాలం ఆధారం పియోత్ర్ వోజ్నియాక్ 1987లో రూపొందించిన పద్ధతి. 2023 చివర్లో ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త పద్ధతి ఆంకీలోనే కలిసింది. దాని సంగతి సెట్టింగుల దగ్గర.

రెడీమేడ్ డెక్‌లు

బిజినెస్ ఇంగ్లీష్ అని వెతికితే ఆంకీవెబ్‌లో ఎవరెవరో రాసి పంచిన డెక్‌లు, అంటే కార్డుల కట్టలు, దొరుకుతాయి. వాటి నాణ్యత రాసినవాళ్ల ఓపికను బట్టి ఉంటుంది. భాగస్వామ్యాల భాషకు మాత్రం అవి పెద్దగా అక్కరకు రావు. చాలావాటిలో ముందువైపు ఒక పదం, వెనకవైపు నిఘంటువు అర్థం, అంతే. కొన్నిటిలో పదాలు అక్షర క్రమంలో పేర్చి ఉంటాయి. మరికొన్నిటిలో పార్ట్‌నర్, అసోసియేట్, షేర్‌హోల్డర్, స్టేక్‌హోల్డర్ ఒకే రోజు వరసగా దిగుతాయి. చదవడానికి పద్ధతిగానే కనిపిస్తుంది గానీ, దగ్గరి అర్థాల మాటలు ఒక్కసారిగా మీద పడితే ఒకదాని అర్థం ఇంకోదానికి అంటుకుంటుంది. షేర్‌హోల్డర్‌కు వాటా ఉంటుంది. స్టేక్‌హోల్డర్ అంటే ఆ వ్యాపారం వల్ల మంచోచెడో తగిలే ఎవరైనా కావచ్చు, ఉద్యోగులూ సరుకు సరఫరా చేసేవాళ్లూ కూడా. మొదటిది బాగా నాటుకున్నాక రెండో దాన్ని రెండు వారాల ఎడంతో దించితే ఈ తికమక రాదు.

బిజినెస్ సర్వీస్ లిస్ట్ అని సుమారు 1,700 పదాల జాబితా ఒకటి ఉంది. వ్యాపార రచనల్లో తరచుగా కనిపించే పదాలను లెక్కగట్టి ఏర్చిన జాబితా అది. దాని మీద చేసిన డెక్‌లు చదవడానికి మంచి పునాదే. కానీ 'స్లీపింగ్', 'పార్ట్‌నర్' విడివిడిగా తెలిసినంత మాత్రాన 'స్లీపింగ్ పార్ట్‌నర్' తెలిసిపోదు కదా. భాగస్వామ్యాల భాషలో ఇలాంటి జంట మాటలు చాలా ఉంటాయి.

ఒక కార్డును దగ్గరగా చూస్తే

ముందువైపు 'లయబుల్', వెనక 'బాధ్యుడు' అని కార్డు వేశామనుకుందాం. నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, గుడ్, గుడ్ అని నొక్కుకుంటూ పోతాం. తర్వాత ఒప్పందం చిత్తుప్రతిలో 'ద పార్ట్‌నర్స్ ఆర్ జాయింట్లీ అండ్ సెవరల్లీ లయబుల్ ఫర్ ద డెట్స్ ఆఫ్ ద ఫర్మ్' అన్న వాక్యం ఎదురవుతుంది. 'సెవరల్' అంటే చాలా అని తెలిసినవాళ్లు 'సెవరల్లీ'ని 'చాలా రకాలుగా' అని చదివేస్తారు. ఇక్కడ దాని అర్థం విడివిడిగా. ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు అన్నమాట. అప్పిచ్చినవాడు బాకీ మొత్తం ఎవరో ఒక్క భాగస్వామి దగ్గరే వసూలు చేసుకోవచ్చు, కట్టినాయన ఆ తర్వాత మిగతావాళ్ల వంతు వాళ్ల దగ్గర రాబట్టుకోవాలి. ఎంత బరువైన మాటో చూడండి. 'లయబుల్' ఒక్కటే ఉన్న కార్డు దీన్ని ఎన్నటికీ నేర్పదు.

ఆంకీలో మనం రాసే సమాచారాన్ని నోట్ అంటారు, దాంట్లోంచే కార్డులు పుడతాయి. దీనికి బదులు క్లోజ్ (ఖాళీలు పూరించే) అనే నోట్ రకం ఎంచుకుని వాక్యం మొత్తం టైప్ చేయాలి. 'సెవరల్లీ'ని సెలెక్ట్ చేసి కంట్రోల్, షిఫ్ట్, సీ కలిపి నొక్కితే అది మొదటి ఖాళీ అవుతుంది. 'లయబుల్' తర్వాత వచ్చే 'ఫర్' మీదా అలాగే చేస్తే రెండో ఖాళీ. ఒక్కో ఖాళీ ఒక్కో కార్డుగా తయారవుతుంది. రెండు మాటలు ఒకే కార్డులో మాయమవ్వాలంటే రెండోసారి ఆల్ట్ కూడా కలిపి నొక్కాలి. 'బై హిమ్ అవుట్' (ఆయన వాటా మొత్తం కొనేయడం) లాంటి చోట 'బై', 'అవుట్' రెండూ కలిసే పోవాలి కాబట్టి అక్కడ ఇది తప్పనిసరి. 'బ్యాక్ ఎక్స్‌ట్రా' అనే గడిలో తెలుగు అర్థం, ఎక్కడ పొరబడతామో ఒక వరుస, చాలు. అక్కడ పేరాలు రాస్తే ఎవరూ చదవరు, రాసినవాళ్లతో సహా.

ఖాళీల కార్డుకు రెండు జబ్బులున్నాయి. ఒకటి, ఖాళీలో ఒకటికి మించి జవాబులు సరిపోవడం. 'దే ____ యాన్ అగ్రిమెంట్' అని పెడితే 'రీచ్‌డ్', 'సైన్డ్', 'బ్రోక్' మూడూ కుదురుతాయి. సరైన మాటే అనుకుని కూడా తప్పు పడిందని విసుగొస్తుంది. మందు తేలికే: ఖాళీ చేసిన మాట వెనక రెండు కోలన్లు పెట్టి తెలుగులో ఆచూకీ రాస్తే ఖాళీ ఉన్న చోట ఆ ఆచూకీ కనిపిస్తుంది. 'కుదుర్చుకున్నారు' అని ఉంటే 'రీచ్‌డ్', 'ఉల్లంఘించారు' అని ఉంటే 'బ్రోక్'. రెండో జబ్బు కాస్త మొండిది. వాక్యం పొడుగ్గా ఉంటే మెదడు దాని ఆకారాన్ని గుర్తుపట్టి చదవకుండానే జవాబు చెప్పేస్తుంది. ఇరవై మాటల వాక్యం వద్దు, పది పన్నెండు చాలు. ముఖ్యమైన పదబంధానికి రెండు వేర్వేరు వాక్యాలు రాస్తే ఆకారం చూసి చెప్పే అలవాటు తెగుతుంది.

ఖాళీల కార్డులు చదవడానికీ ఈమెయిల్‌కూ సరిపోతాయి. నోటితో చెప్పాలంటే రెండో రకం కావాలి: ముందువైపు తెలుగులో సందర్భం, వెనకవైపు ఇంగ్లీషు వాక్యం. 'కంపెనీలో ఆయనకు నలభై శాతం వాటా ఉంది' అని ముందు, 'హీ హోల్డ్స్ ఎ ఫార్టీ పర్సెంట్ స్టేక్ ఇన్ ద కంపెనీ' అని వెనక. పైకి పలికిన తర్వాతే తిప్పాలి. ఇక్కడ ముందువైపు ఒంటి మాట పెడితే మళ్లీ మొదటికే వస్తాం. 'ఒప్పందం' అని ఒక్క మాట రాస్తే జవాబు అగ్రిమెంటా, కాంట్రాక్టా, డీలా?

ఏ మాటలకు కార్డు దండగ కాదు

ఒక చిత్తుప్రతి ఒప్పందం, నాలుగైదు నిజమైన ఈమెయిళ్లు, ఒక సమావేశం నోట్సు ముందు పెట్టుకుంటే 120 నోట్లకు సరిపడా సరుకు దొరుకుతుంది. అంతకుమించి మొదటి విడతలో అక్కర్లేదు. భాగస్వామ్యం పుట్టడం, డబ్బు, నడపడం, పేచీ, విడిపోవడం అని మనసులో విభాగాలు అనుకుని ఏరుకుంటే ఒకే వైపు ఒరిగిపోదు. మామూలుగా జరిగేదేమిటంటే, మొదటి రెండింటికి బోలెడు మాటలుంటాయి, విడిపోవడానికి ఒక్క 'బ్రేకప్' తప్ప ఏమీ ఉండదు. అసలు జాగ్రత్తగా మాట్లాడాల్సింది అక్కడే. 'పార్ట్ వేస్' అంటే మర్యాదగా ఎవరి దారి వాళ్లు చూసుకోవడం. 'ఫాల్ అవుట్' అంటే చెడడం. 'పుల్ అవుట్ ఆఫ్' అంటే మధ్యలో తప్పుకోవడం. 'ఫాల్ త్రూ' అంటే మాట్లాడుకున్న బేరం కుదరకుండా పోవడం, దీనికి కర్తగా 'ద డీల్' వస్తుందే గానీ మనుషులు రారు. 'వీ ఫెల్ త్రూ' అంటే వినేవాళ్లు ఎక్కడో గోతిలో పడ్డారనుకుంటారు.

తెలుగు నుంచి వచ్చే తప్పులకు మొదటి పీట వేయాలి, ఎందుకంటే అవి తప్పులుగా చెవికి తగలవు. 'నిబంధనల గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్‌డ్ అబౌట్ ద టర్మ్స్' అనేస్తాం. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' రాదు, 'డిస్కస్‌డ్ ద టర్మ్స్' అంతే. 'ఆయనకు వాటా ఉంది' అన్నదాన్ని 'హీ ఈజ్ హ్యావింగ్ ఎ షేర్' అంటాం, 'హీ హ్యాజ్' అనాలి. పెట్టుబడి దేని మీద పెట్టారు అని అడిగే మనకు 'ఇన్వెస్ట్ ఆన్' సహజంగా తోస్తుంది, ఇంగ్లీషులో అది 'ఇన్వెస్ట్ ఇన్'. అంగీకరించడం తెలుగులో ఒక్కటే. ఇంగ్లీషులో మనిషితో ఏకీభవిస్తే 'అగ్రీ విత్', ప్రతిపాదనకు ఒప్పుకుంటే 'అగ్రీ టు', ఇద్దరూ కూర్చుని ఒక అంకెకో తేదీకో వస్తే 'అగ్రీ ఆన్'. ఈ మూడింటినీ మూడు వేర్వేరు నోట్లుగా, వారం వారం ఎడంతో దించాలి.

ఒప్పందం అన్న మాట కూడా ఇంగ్లీషులో చీలుతుంది. 'డీల్' మాటల్లో వాడేది. 'అగ్రిమెంట్' నోటిమాట కావచ్చు, రాత కావచ్చు. 'కాంట్రాక్ట్' చట్టం ముందు నిలబడేది. 'మెమొరాండం ఆఫ్ అండర్‌స్టాండింగ్', 'లెటర్ ఆఫ్ ఇంటెంట్' మామూలుగా ఉద్దేశాన్ని తెలిపే కాగితాలు. అయితే పేరు చూసి ధీమా పడకూడదు, లోపల రాసిన మాటలను బట్టి కొన్ని షరతులు కట్టిపడేయవచ్చు. అందుకే 'బైండింగ్', 'నాన్-బైండింగ్' అన్న జంటను వీటితోనే వాక్యంలో కలిపి నేర్చుకోవాలి.

తెలిసిన మొహం పెట్టుకుని వేరే అర్థంతో కూర్చునే మాటలు ఇంకో గుంపు. ఈ డెక్‌లో విలువైన కార్డులు ఇవేనని చెప్పాలి. 'కన్సిడరేషన్' అంటే పరిశీలన అనుకుంటాం, ఒప్పందంలో అది ప్రతిఫలం. 'ఎగ్జిక్యూట్ ద అగ్రిమెంట్' అంటే అమలు చేయడమనుకుంటాం, చాలాచోట్ల దాని అర్థం సంతకాలతో పూర్తి చేయడం. 'గుడ్‌విల్' మంచి మనసు మాత్రమే కాదు, వ్యాపారం పేరుకూ ఖాతాదారుల నమ్మకానికీ కట్టే విలువ. 'రిటైర్' అవడానికి భాగస్వామికి వయసు పైబడనక్కర్లేదు, ముప్పై ఏళ్లవాడూ 'రిటైర్ ఫ్రమ్ ద పార్ట్‌నర్‌షిప్' కావచ్చు. 'ఇంటరెస్ట్' ఆసక్తీ కాదు, వడ్డీ కాదు, కొన్ని వాక్యాల్లో వాటా. 'డ్రాయింగ్స్' బొమ్మలు కావు, భాగస్వామి తన ఖర్చులకు వ్యాపారంలోంచి తీసుకునే డబ్బు. 'పార్ట్‌నర్' ఒక్కటే వాడితే జీవిత భాగస్వామి అని కూడా అర్థం వస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు పరిచయం చేసేటప్పుడు 'బిజినెస్ పార్ట్‌నర్' అనడం క్షేమం.

దేశాన్ని బట్టి మారేవి కొన్ని. పెట్టుబడి పెట్టి నిర్వహణలో వేలు పెట్టని భాగస్వామిని బ్రిటిష్ ఇంగ్లీషులో 'స్లీపింగ్ పార్ట్‌నర్' అంటే, అమెరికాలో 'సైలెంట్ పార్ట్‌నర్' అంటారు. 'టేబుల్' క్రియగా మరీ ప్రమాదం. బ్రిటన్‌లో 'టేబుల్ ద ప్రపోజల్' అంటే చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను పక్కన పెట్టడం. రెండు దేశాలవాళ్లున్న సమావేశంలో ఆ క్రియ జోలికే పోకుండా 'లెట్స్ డిస్కస్ ఇట్ నౌ' అనడం తెలివి. ఇలాంటి కార్డుల మీద 'బ్రిటిష్', 'అమెరికన్' అని ట్యాగ్ పెట్టుకుంటే అవసరం వచ్చినప్పుడు వాటినే వడకట్టి చూసుకోవచ్చు.

ఉచ్చారణ కూడా కార్డులోనే రాసుకోవాలి. 'వైండ్ అప్' అనాలి, 'విండ్ అప్' కాదు. వ్యాపారం లెక్కలు తేల్చి మూసేయడం అది. 'లయబుల్'ను 'లైబెల్'కు దగ్గరగా పలికితే పరువునష్టం సంగతి అనుకుంటారు. 'కాంట్రాక్ట్' నామవాచకమైతే ఊనిక మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద.

వాటాల పత్రాల దాకా వెళ్లేవాళ్లకు ఇంకో పది పదిహేను నోట్లు కావాలి. 'వెస్టింగ్' అంటే వాటా ఒక్కసారిగా కాకుండా కాలం గడిచేకొద్దీ చేతికి రావడం. దాంట్లో 'క్లిఫ్' అంటే ఆ గడువు దాటేదాకా ఒక్క వాటా కూడా రాకపోవడం. నాలుగేళ్ల వెస్టింగ్, ఏడాది క్లిఫ్ అన్న మాట కొత్త కంపెనీల స్థాపకుల మధ్య తరచూ వినిపిస్తుంది. 'డ్రాగ్-అలాంగ్' ఉంటే పెద్ద వాటావాళ్లు అమ్మేటప్పుడు చిన్న వాటావాళ్లను కూడా అమ్మేలా చేయొచ్చు. 'ట్యాగ్-అలాంగ్' చిన్నవాళ్లకు రక్షణ, పెద్దలు అమ్ముకుంటుంటే తమ వాటా కూడా అదే షరతులపై అమ్ముకునే హక్కు. ఈ రెండింటినీ ఒకే రోజు దించితే జన్మలో విడదీయలేం.

సెట్టింగుల దగ్గర జరిగే పొరపాట్లు

ఆంకీ మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు ఇస్తుంది. మొదటి వారం హుషారుగా ఉంటుంది. కానీ తిరిగి చూడాల్సిన కార్డులు కొత్తవాటికి ఏడు నుంచి పది రెట్ల దాకా పేరుకుంటాయి. మూడో వారానికి రోజుకు 150 నుంచి 200 కార్డులు ఎదురొస్తాయి, ఒక్క రోజు మానేస్తే మర్నాటికి కొండంత. డెక్ వదిలేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇక్కడే. రోజుకు 8 అని పెట్టుకోవాలి. 120 నోట్లు, నోటుకు రెండు కార్డుల చొప్పున 240 కార్డులు, అంటే 30 రోజుల్లో కొత్తవి అయిపోతాయి. రోజువారీ పని పావుగంటకు మించదు.

డెక్ ఆప్షన్స్‌లో 'బరీ సిబ్లింగ్స్' అనే స్విచ్‌లుంటాయి. వాటిని ఆన్ చేయాలి. లేకపోతే ఒకే వాక్యంలోని రెండు ఖాళీలు ఒకే పూట వస్తాయి, మొదటి కార్డు రెండో దాని జవాబు చూపించేస్తుంది. వచ్చేసిందని సంబరపడతాం, నిజానికి రాలేదు.

ఎఫ్ఎస్ఆర్ఎస్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఎంత శాతం గుర్తుండాలో చెప్పే అంకె 0.90 దగ్గర ఉంటుంది, దాన్ని కదపక్కర్లేదు. అన్నీ గుర్తుండాలని 0.97కు లాగితే గుర్తుండేది కొంచెమే పెరుగుతుంది, కార్డులు మాత్రం కుప్పలుగా వస్తాయి. ఇంకో సంగతి, 'హార్డ్' బటన్. మరిచిపోయి, ఎగైన్ నొక్కడానికి మనసొప్పక హార్డ్ నొక్కేవాళ్లు చాలామంది. హార్డ్ అంటే కష్టపడి గుర్తుతెచ్చుకున్నామని. మరిచిపోయినదానికి అది నొక్కితే గుర్తుందనే లెక్క వేసి గడువు పొడిగిస్తుంది, ఎఫ్ఎస్ఆర్ఎస్ అంచనాలన్నీ తప్పుతాయి. 'ఫర్' రావాల్సిన చోట 'ఆఫ్' అనుకున్నా అది మరిచిపోయినట్టే. ఈ డెక్‌లో ఆ చిన్న మాటలకే కదా కార్డు వేసింది.

ఒకే కార్డు ఎనిమిది సార్లు తప్పితే దానికి 'లీచ్' అని ట్యాగ్ పడుతుంది, జలగ అని. జలగ పట్టిన కార్డును పదేపదే తిప్పడం దండగ. వాక్యం మార్చాలి, లేదా దానితో పోటీపడుతున్న ఇంకో కార్డును కొన్నాళ్లు ఆపాలి. ఎక్కువసార్లు దొంగ ఆ రెండోదే.

ఎక్సెల్ నుంచి తెచ్చేటప్పుడు

ఒక్కొక్కటిగా టైప్ చేయడం విసుగనిపించి చాలామంది ఎక్సెల్‌లో రాసి ఒకేసారి ఎక్కిస్తారు. మామూలు సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే ఫైలుగా) సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది. 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అనే వరుస ఎంచుకోవాలి. నోట్‌ప్యాడ్‌లో చేత్తో రాస్తుంటే గడుల మధ్య కామా బదులు ట్యాబ్ వాడాలి, లేకపోతే వాక్యంలోని కామా దగ్గర గడి విరిగిపోతుంది.

అంతకంటే గుట్టుగా జరిగే నష్టం ఒకటుంది. ఆంకీ నోటు కొత్తదో పాతదో మొదటి గడి చూసి తేల్చుకుంటుంది. మొదటి గడిలో 'ఒప్పందం' అని రాసి అగ్రిమెంట్ కార్డు చేసుకుని, మరో రోజు అదే మొదటి గడితో కాంట్రాక్ట్‌ను ఎక్కిస్తే, పాత నోటును అప్‌డేట్ చేయమన్న ఎంపిక అలాగే ఉన్నప్పుడు అగ్రిమెంట్ చెరిగి దాని స్థానంలో కాంట్రాక్ట్ కూర్చుంటుంది. అందుకే మొదటి గడిలో పూర్తి వాక్యమో వరుస సంఖ్యో ఉండాలి.

కంప్యూటర్, ఫోను మొదటిసారి కలిపేటప్పుడు అప్‌లోడ్ చేయాలా, డౌన్‌లోడ్ చేయాలా అని అడగవచ్చు. కార్డులు కంప్యూటర్‌లో ఉంటే అక్కడ అప్‌లోడ్, ఫోనులో డౌన్‌లోడ్. తిరగేస్తే ఖాళీ డెక్ వచ్చి నిండుదాన్ని మింగేస్తుంది. ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఒక కాపీ దాచుకోవడం రెండు నిమిషాల పని.

తగ్గిన ఆ ఒక్క మార్కు

ఆంకీకి చెవులు లేవు. వాక్యం పైకి పలికామా, మనసులో గొణుక్కున్నామా దానికి తెలియదు. కంప్యూటర్‌లో కార్డు మీద ఉండగా షిఫ్ట్, వీ నొక్కితే మన గొంతు రికార్డవుతుంది, వీ నొక్కితే వినిపిస్తుంది, అది ఎక్కడా భద్రం కాదు. ఉన్నంతలో మంచి సదుపాయమే, వాడేవాళ్లు తక్కువ. కార్డు టెంప్లేట్‌లో ఒక వరుస చేర్చి యంత్రం గొంతుతో వాక్యం చదివించుకోవచ్చు. కానీ 'వైండ్ అప్' లాంటి చోట్ల, 'కాంట్రాక్ట్' ఊనిక దగ్గర ఆ గొంతు పొరబడే వీలుంది, గుడ్డిగా నమ్మకూడదు. ఇక ఎదుటివాళ్లు మాట అడ్డుకున్నప్పుడు, అంకె తగ్గించమన్నప్పుడు వెంటనే ఏం అనాలన్నది కార్డులతో వచ్చేది కాదు. నేర్చుకున్న పదబంధాల్లో ఐదింటిని వాడుతూ వారానికోసారి ఎవరితోనైనా పదినిమిషాల ఉత్తుత్తి బేరసారాలు జరపాలి. పేచీ విభాగంలోని మాటలు నోటికి ఎక్కేది అప్పుడే.

మొదటి గంట కూడా చికాకే. మెనూలు పాతకాలం తీరులో ఉంటాయి, నోటు వేరు కార్డు వేరు అన్న సంగతి అర్థమయ్యేదాకా అయోమయంగా ఉంటుంది. ఒక నోటు అనేది రాసిన సమాచారం, దాంట్లోంచి పుట్టేవి కార్డులు. అక్షరదోషం దిద్దాలంటే నోటులో ఒక్కసారి దిద్దితే చాలు, కార్డులన్నిటా మారుతుంది.

కంప్యూటర్ వద్దనుకునేవాళ్లకు సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన అట్టపెట్టె పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ఐదు అరలు, గుర్తున్న కార్డు తర్వాతి అరలోకి, మరిచినది మొదటి అరలోకి. 60 కార్డుల దాకా హాయిగా నడుస్తుంది, 200 దాటితే సర్దడానికే పొద్దు గడిచిపోతుంది.

మూడు నెలల్లో భాగస్వామ్యం మాటలు మొదలుపెట్టబోయేవాళ్లకు, విదేశీ భాగస్వాములతో వారానికో ఈమెయిల్ రాసేవాళ్లకు, ఒప్పందాలను అనువదించేవాళ్లకు ఆంకీ సరైన పనిముట్టు. సమావేశం వచ్చే వారమే ఉన్నవాళ్లకు మాత్రం కాదు. గడువులు సాగదీసుకుంటూ పోయే ఈ పద్ధతికి వారం రోజుల్లో పెద్దగా తేడా చూపించే వీలుండదు. వాళ్లు ఒక కాగితం మీద తాము తప్పక చెప్పాల్సిన పదిహేను వాక్యాలు రాసుకుని, తెలిసినవాళ్లతో దిద్దించుకుని, రోజూ రెండు పూటలా పైకి చదవాలి. సమావేశం అయిపోయాక ఆ పదిహేనే ఆంకీలో మొదటి నోట్లుగా పనికొస్తాయి.